చిరిగిన పరుపుల దొరసాని

నాది బొంగురు గొంతు. పుట్టుకతో వచ్చింది కాదు, దూదితో వచ్చింది. మాది రాయచోటి పక్కన ఒక దూదేకుల ఇల్లు. ఇంట్లో మాట తెలుగు, నమాజు అరబ్బీ, పని పరుపులు. మా అమ్మ దూది కొడుతుంటే లేచే నలుసుల్లోనే నేను పాకాను, నడిచాను, పెళ్ళీడుకు వచ్చాను. ఇప్పుడు ఫోనులో మాట్లాడితే అవతలివాళ్ళు నన్ను "అన్నా" అంటారు. నేను దిద్దను. రియాద్‌లో ఒంటరి ఆడదానికి అదీ ఒక కాపలానే.

చదువంటారా, సంతకం వచ్చు, బస్సు నంబరు వచ్చు. అందుకని నేను చెబుతుంటే నర్సమ్మ రాస్తోంది. ఆ పిల్లది కాకినాడ. నేను పనిచేసే ఇంటి మేడం ఉన్న ఆస్పత్రిలోనే నర్సు. రాసిందంతా నాకు చదివి వినిపించింది. నేను అనని మాటలు రెండు చోట్ల అందంగా పెట్టింది, తీయించాను.

చెప్పబోయేది ఒక జర్మనీ దొరసాని సంగతి. ఆమె పోయి ఐదు వందల ఏళ్ళు దాటింది. ఆమెకు చెడ్డపేరు ఉండేది. ఆ పేరు మాపే పనిలో నా చెయ్యి కూడా పడింది.

ముందు నా సంగతి రెండు ముక్కలు. మా ఆయన అల్ ఖర్జ్ పాల ఫారంలో లారీ నడిపేవారు. నేను రియాద్‌లో ఒక సౌదీ ఇంట్లో వంట. శుక్రవారం శుక్రవారం కలుసుకునేవాళ్ళం, మొగుడూ పెళ్ళాల్లా కాదు, కొత్తగా కుదిరిన సంబంధంలాగా. ఐదేళ్ళ కింద గుండె ఆగి పోయారు. నేను ఊరికి పోయి నాలుగు నెలల పది రోజులు ఇద్దత్ కూర్చున్నాను. మాలో మొగుడు పోయిన ఆడది అన్ని రోజులు ఇల్లు కదలకూడదు. అది అయ్యాక ఊళ్ళో నాకేం పని ఉంది? మళ్ళీ వచ్చాను. ఈసారి నా ఇఖామా, అంటే ఇక్కడ ఉండి పనిచేసుకునే అనుమతి, ఒక కంపెనీ మీద తీశారు. ఆ కంపెనీ నన్ను ఈ జర్మనీ మేడం ఇంటికి పంపింది.

మేడం పిల్లల డాక్టరు. అరవై దాటాయి. వెదురుగడలా పొడుగు, మగవాళ్ళలా కత్తిరించిన తెల్ల జుట్టు. ఆమెకూ మొగుడు లేడు. ఆమె అరబ్బీ ఆస్పత్రి అరబ్బీ, నాది వంటింటి అరబ్బీ. ఆమెకు "నొప్పి ఎక్కడ" అనడం బాగా వచ్చు. నాకు "ఉప్పు చాలలేదు" అనడం బాగా వచ్చు. మిగతా లోకమంతా చేతులతో చెప్పుకునేవాళ్ళం. నన్ను ఉఖ్తీ అని పిలుస్తుంది, అంటే తోడబుట్టినది. మా భాష ఇట్లా అరకొర గనక ఆమె మాటలను నేను ఇక్కడ నా తెలుగులో చెబుతున్నాను. మాటలు నావి, సంగతి ఆమెది.

పొద్దున ఇటుకలాంటి నల్ల రొట్టె ముందు పెట్టుకుని, పక్కన కాగితాలు పరుచుకుని కూర్చుంటుంది. రొట్టె నములుతూ, ఆ కాగితాలు చూస్తూ ఒక ఆడమనిషి గురించి నాకు చెబుతుంది. ఒక్క రోజున చెప్పింది కాదు. రోజుకింత చెప్పేది. మొదటి రోజు ఆ మనిషి మొగుడు పోయాడు. రెండో రోజు ఆమె రెండో పెళ్ళాం అని తెలిసింది. ముగ్గురు ఆడపిల్లలు. మొదటి పెళ్ళాం కొడుకు ఒకడు ఉన్నాడు, ఆస్తికి వారసుడు వాడే. ఇల్లంటే మామూలు ఇల్లు కాదు, గుట్ట మీద కోట. మొగుడు పోయిన ముప్పై రోజుల దాకా ఆమెను కోటలోనుంచి కదిలించకూడదని వాళ్ళ కట్టుబాటు. ముప్పై ఒకటో రోజు పొద్దున ఆ కొడుకు మనుషుల్ని వెంటేసుకుని వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"ముప్పై రోజులేనా? మాకు నాలుగు నెలల పది" అన్నాను, పిండి పిసుకుతూ. మేడం ఆ మాట వెంటనే కాగితం మీద రాసుకుంది. నా మాట ఒకరు రాసుకోవడం అదే మొదలు.

తర్వాత రోజు సంగతి జడ్జి దాకా పోయింది. కత్తి, గుర్రం, ఇనుప చొక్కా కొడుక్కి. దుప్పట్లు, పరుపులు, కుండలు, బాతులు, ఆడవాళ్ళ సామానంతా ఆమెకు. కత్తితో పాటు తండ్రి పడుకున్న పరుపొకటి, దిండుతో సహా తనకు రావాలన్నాడట వాడు. అది కట్టుబాటులో ఉందట, ఇవ్వాల్సిందేనట. అంతటితో ఊరుకున్నాడా అంటే లేదు. మిగతా పరుపులు కూడా కోటవే, కోటలోనే ఉండాలని అడ్డం పడ్డాడు.

"మరి ఆయమ్మ యాడ పండుకుంటాంది ఇప్పుడు?" అన్నాను.

మేడం రెండు చేతులూ చాచింది. "సరీర్ మాఫీ" అంది. పడక లేదు అని. అంటూ కళ్ళు తుడుచుకుంది. ముఖం కందగడ్డలా అయింది.

ఇప్పుడు మీరే చెప్పండి. మనిషి రొట్టె మానేసి ఏడుస్తుంటే ఎవరి గురించి అనుకుంటారు? ఆమె అక్కో చెల్లెలో అనుకున్నాను. ఎందుకు అనుకోను? నేను పనిచేసిన ప్రతి ఇంట్లో ఇలాంటి కథ ఒకటి విన్నాను. రాయచోటిలో విన్నాను, రియాద్‌లో సౌదీ వాళ్ళ వంటింట్లో విన్నాను. జర్మనీలో మాత్రం సవతి కొడుకులు ఉండరా? వాళ్ళకు కోటలు ఉండటం చూసి కొంచెం ఆశ్చర్యపోయాను గానీ, మేడం కూడా ఉన్న ఇంటి మనిషిలాగే ఉంటుంది.

"మీవాళ్ళల్లో పెద్దమనుషులు లేరా?" అని అడిగాను.

"పెద్దమనుషులంతా ఆ కొడుకు పక్కనే" అంది.

"అంతేలే. ఏ దేశమైనా అంతే."

ఆ మర్నాటి నుంచి నమాజులో ఆమె కోసం దువా మొదలుపెట్టాను. పొద్దున మేడం కాఫీ కప్పు పట్టుకోగానే అడిగేదాన్ని, ఆ మిస్కీనాకు ఏమన్నా దొరికిందా అని. మిస్కీనా అంటే పాపం దిక్కులేనిది. మేడం ముఖం వెలిగిపోయేది. నేను తప్ప ఆమెను ఆ మాట అడిగేవాళ్ళు ఎవరూ లేరు మరి.

ఒకరోజు అసలు సంగతి చెప్పింది. ఆ మనిషి మీద వాళ్ళ ఇంటివాళ్ళందరికీ చులకన. ఎందుకంటే చివరికి రాజీ కుదిరినప్పుడు పిండిమర ఇస్తామన్నారు, చేపల చెరువు ఇస్తామన్నారు, అవన్నీ వదిలేసింది. పరుపులు కావాలంది. మంచివే కాదు, చిరిగినవి కూడా ఒక్కటి వదలకుండా కావాలంది. బాతులు కావాలంది. అప్పటి నుంచి ఆమెకు "చిరిగిన పరుపుల దొరసాని" అని పేరు. కక్కుర్తి మనిషి, బుద్ధి తక్కువ మనిషి అని. అందరికంటే ఎక్కువ అనేది మేడం అన్నగారు. మేడం మొగుడు పోయిన కొత్తలోనే వాళ్ళ అమ్మ కూడా పోయింది. అమ్మ గుర్తుగా ఒక చెక్కపెట్టె అడిగితే ఆ అన్నగారు నలుగురిలో నవ్వి, ఇదిగో చిరిగిన పరుపుల దొరసాని మళ్ళీ వచ్చింది అన్నాడట.

"వేసవిలో మావాళ్ళంతా అన్న ఇంట్లో కూడతారు. నేను లేచి ఆమె తరఫున మాట్లాడాలి. చిరిగినవి ఎందుకు అడిగిందని అన్న అడుగుతాడు. నా దగ్గర జవాబు లేదు. ఈసారి చెప్పలేకపోతే ఆ పేరు ఇక పోదు" అంది.

పంచాయితీ అన్నమాట అనుకున్నాను. సరే, మాటసాయం నాకు చేతకాదు, భాష రాదు. నాకు చేతనైంది ఒకటి ఉంది. ఇద్దత్‌లో నేను మూల గదిలో కూర్చున్నప్పుడు వచ్చినవాళ్ళంతా మంచి మాటలే చెప్పారు. ఆ మాటల్లో ఒక్కటీ నాకు గుర్తులేదు. మా అమ్మ మాత్రం ఏమీ మాట్లాడకుండా కొత్తగా కుట్టిన పరుపు తెచ్చి పరిచి పోయింది. మొగుడు పోయాక నేను నిండుగా నిద్రపోయింది ఆ రోజే. అందుకని ఆ మిస్కీనాకు ఒక పరుపు చేసి మేడంతో పంపుదామనుకున్నాను.

దూదికి వెతుక్కోవాల్సిన పని లేదు. ఆ ఇంట్లో ముందున్నవాళ్ళు వదిలిపోయిన దూది పరుపొకటి సామాన్ల గదిలో పడి ఉంది. గట్టిపడి చెక్కలా అయింది. దాన్ని పారేయమని మేడం నాకు ఎప్పుడో చెప్పింది. దూదేకుల ఇంట్లో పుట్టి దూది పారేస్తానా? ఇదిగో రేపు, అదిగో రేపు అంటూ దాచాను. బత్హా బజారుకు పోయి చారల గుడ్డ, దబ్బనం, గట్టి దారం తెచ్చాను. దూది కొట్టే బెత్తాలు దొరకలేదు. పాత కిటికీ తెరల కడ్డీలు రెండు ఉంటే తీసుకున్నాను.

శుక్రవారం పొద్దున మేడం ఆస్పత్రికి పిలుపు వచ్చి పోయింది. నేను కారు నిలిపే రేకుల కింద పాత దుప్పటి పరిచి, పరుపు పొట్ట కోసి, దూది గడ్డలు గడ్డలుగా తీసి చేత్తో చీల్చి, కడ్డీలతో మొదలుపెట్టాను. కుడిచెయ్యి పడేసరికి ఎడమచెయ్యి లేవాలి. లయ తప్పితే దూది ఎగరదు. ఎన్నేళ్ళయిందో, చేతులు మరిచిపోయి ఉంటాయనుకున్నాను. మరవలేదు. అయితే బెత్తం చప్పుడు వేరు, ఇనుప కడ్డీ చప్పుడు వేరు. కాంపౌండు కాపలా కాసే నేపాలతను పరిగెత్తుకుంటూ వచ్చాడు, ఏదో కూలిపోతోందని. నన్ను చూసి, తెల్లగా అయిన పక్కింటి నల్ల కారును చూసి, నీళ్ళ పైపు తెచ్చి ఆ కారు కడగడం మొదలుపెట్టాడు. మంచివాడు. చివరికి పరుపు మూతి కుట్టేటప్పుడు గుడ్డ అంచు పట్టుకున్నది కూడా అతనే.

దూది లేచింది. ఎండలో, కొట్టిన కొద్దీ పొంగింది. చెక్కలా ఉన్నది అంతా కలిసి నా నడుము ఎత్తు గుట్ట అయింది. కొత్త గుడ్డలో నింపాను, నిండింది. సగం దూది మిగిలింది. పాత గుడ్డను దూది తీయగానే ఉతికి ఎండలో ఆరేశాను, దాని చిరుగులకు మాటు వేసి మిగిలింది అందులో నింపాను. రెండు పరుపులైనాయి. రెంటికీ దబ్బనంతో అడ్డంగా నిలువుగా ముళ్ళు వేసి పక్కపక్కన ఎండలో పెట్టాను.

మధ్యాహ్నం మేడం వచ్చింది. కారులో నర్సమ్మను కూడా తెచ్చింది. శుక్రవారం నా పప్పు కోసం వస్తుంది ఆ పిల్ల. మేడం కారు దిగి రెండు పరుపులను చూసి, నన్ను చూసింది. నా జుట్టు, కనుబొమలు అన్నీ తెల్లగా ఉన్నాయి.

"ఇదేంటి?" అంది.

నేను నర్సమ్మను ఇంగిలీషులో చెప్పమని, వివరంగా చెప్పాను. "ఒకటి మన ఇంటికి. ఇంగోటి ఆ మిస్కీనాకు. వేసవికి పోతారు గదా, నేను చుట్టి పెట్టెలో పెడతా. ముగ్గురు బిడ్డల్ని పెట్టుకోని ఎన్నాళ్ళని కటిక నేల మింద పండుకుంటాది పాపం."

నర్సమ్మ ఇంగిలీషులో సగం చెప్పి ఆగింది. "పిన్నీ, ఎవరికంటున్నారండి?"

"అదే పాపా, మేడం వాళ్ళ అక్కో చెల్లెలో ఉండాదే. మొగుడు పోయినాయమ్మ. సవతి కొడుకు పరుపులియ్యకుండా ఏడిపిస్తాండాడే, ఆయమ్మకి."

నర్సమ్మ పెదవి కొరుక్కుంది. మేడం వైపు తిరిగి ఏదో అడిగింది, మళ్ళీ నా వైపు తిరిగింది. "పిన్నీ, ఆవిడ పోయి ఐదొందల యేళ్ళు దాటిపోయిందండి. మేడంగారి ముత్తవ్వకి ముత్తవ్వకి ముత్తవ్వ ఆవిడ. గోడ మీద నల్ల బొమ్మ ఉంది చూడండి, ఆవిడ సమాధి రాయి మీద కాగితం పెట్టి రుద్ది తీసిన అచ్చేనండి అది."

నేను పరుపు మీద కూలబడ్డాను. గోడ మీది ఆ బొమ్మను రోజూ తుడుస్తున్నాను. ముసుగేసుకుని చేతులు జోడించిన ఆడమనిషి. ఎవరో పుణ్యాత్మురాలనుకున్నాను.

"మరి నేను రెండు నెల్ల నుంచి దువా చేస్తాండానే."

"దువా పోయినవాళ్ళకి కూడా చెందుతుంది కదండీ."

"చెందుతాది పాపా. కానీ నేను అడిగింది జడ్జి మనసు మార్చమని."

నర్సమ్మ అది చెప్పేసరికి మేడం నవ్వు మొదలుపెట్టింది. అంత పొడుగు మనిషి నడుం పట్టుకుని వంగిపోయి, నిలబడలేక నా పక్కన పరుపు మీద కూర్చుంది. నాకూ నవ్వు వచ్చింది. నా నవ్వు లారీ మొదలైనట్టు ఉంటుంది, అది విని ఇద్దరూ మళ్ళీ నవ్వారు. కాపలా అతను కూడా నవ్వాడు, ఎందుకో అతనికి తెలియదు.

నవ్వుతూ నవ్వుతూ మేడం ఆగిపోయింది. కింద పరుపును అరచేత్తో అదిమింది. పక్కదాన్ని అదిమింది. రోగి పొట్ట నొక్కి చూసినట్టు చూసింది.

"సామాన్ల గదిలోది ఏది?" అని అడిగింది.

"ఇదే."

"మరి అది?"

"అదీ అదే."

"దూది కొన్నావా?"

"గుడ్డ కొన్నా, దారం కొన్నా. దూది కొనలేదు. అణిగిపోయిన పరుపులో రెండు పరుపులు ఉంటాయి. కొట్టి లేపితే బయటికి వస్తాయి."

నర్సమ్మ ఆ మాట చెప్పాక మేడం చటుక్కున లేచి, నెత్తిన దూది ఉన్నది ఉన్నట్టే ఇంట్లోకి పరుగెత్తి కాగితాలు తెచ్చింది. అన్నం చల్లారింది. పప్పు చల్లారింది. నర్సమ్మ మాత్రం గిన్నె ఒళ్ళో పెట్టుకుని తింటూ చెప్పింది, ఆకలికి ఆగదు ఆ పిల్ల.

రెండు కాగితాలట. మొదటిది దొరసాని కోట నుంచి తెచ్చుకున్న సామాను. పదకొండు పరుపులు, అందులో ఆరు చిరిగినవి. నార గుడ్డలు. ఇరవై బాతులు. రెండోది చాలా ఏళ్ళ తర్వాత ఆమె పోయినప్పుడు ఆమె చిన్న ఇంట్లో ఉన్న సామాను. అందులో పద్నాలుగు పరుపులు. అవి కాక పెద్దపిల్ల మఠంలో చేరినప్పుడు రెండు పరుపులతో వచ్చిందని అక్కడివాళ్ళ కాగితం ఒకటి ఉందట. మిగతా ఇద్దరికి పెళ్ళిళ్ళలో మూడేసి ఇచ్చిందట, అన్నీ కలిపితే ఇరవై రెండు పరుపులు. మేడం అన్నగారు ఏమంటాడంటే, చూశారా, పదకొండు తెచ్చుకుని ఊరుకోలేదు, ఊళ్ళోవాళ్ళ దగ్గర కూడా లాక్కుంది అంటాడు.

నేను అడిగాను, వాళ్ళ పరుపుల్లో దూదేనా అని. కాదట, బాతు ఈకలట. నాకు ఈకల పని తెలియదు. కానీ బాతులు మనకూ తెలుసు.

"ఆ ఇరవై బాతులు ఏమయినాయి?"

మేడం రెండో కాగితం చూసింది. "ఇరవై రెండు ఉన్నాయి."

"అన్నేళ్ళకి ఇరవై రెండా? అంటే తినలా ఆయమ్మ. పిల్లలు పుట్టిస్తా, ఈకలు పీకతా ఉండాది. మీరు బాతులంటే కూర అనుకుంటాండారు."

మేడం తన నుదురు తనే కొట్టుకుంది. వాళ్ళ అన్న ఆ బాతులను తిండి సామాన్లలో వేశాడట. ఈమె కూడా అట్లాగే వేసిందట.

"ఇంగో మాట" అన్నాను. "పిండిమర ఎందుకు వద్దనింది?"

దానికి మేడమే సమాధానం చెప్పింది. మర అయినా చెరువైనా ఆమె బతికి ఉన్నంతవరకేనట. ఆమె పోయిన మరునాడు మళ్ళీ ఆ కొడుకు చేతికే పోతుంది. పరుపులు, గుడ్డలు, బాతులు ఆడవాళ్ళ సామాను. అవి తల్లి నుంచి కూతుళ్ళకే పోవాలని కట్టుబాటు. పరుపు లేని పిల్లను మఠంలో కూడా చేర్చుకోరట.

"మరి ఆయమ్మకి బుద్ధి తక్కువ ఎక్కడుంది మేడం?" అన్నాను.

మేడం కాగితాలు పరుపు మీద పెట్టి, వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చి, చల్లారిన పప్పన్నం మూడుసార్లు వడ్డించుకుంది.

ఆ తర్వాత రోజుల్లో నాకు పనే పని. నర్సమ్మ హాస్టలుకు ఆ రెండో పరుపు ఇచ్చేశాము. ఆమె గదిలో పిల్లలందరూ తమ పరుపులు పట్టుకుని వచ్చారు. పక్కింటామె కారు తెల్లబడిందని తిట్టడానికి వచ్చి, తన పరుపు కొట్టించుకుని పోయింది. మేడం మాత్రం ప్రతి పరుపును కొట్టకముందు ఒకసారి, కొట్టాక ఒకసారి కొలిచి రాసుకునేది. పంచాయితీకి సాక్ష్యం కావాలి కదా.

వేసవిలో మేడం జర్మనీ పోయింది. కూడుకునే రోజున మధ్యాహ్నం నర్సమ్మ నా దగ్గరే ఉంది. ఫోను మోగింది. తెరలో పొడుగాటి బల్ల, దాని చుట్టూ పెద్దవాళ్ళు, పిల్లలు. మేడం లేచి నిలబడి ఉంది. మాట్లాడటం అయిపోయినట్టుంది. సగం మంది ముఖాల్లో నవ్వు ఉంది, అది ఎటువంటి నవ్వో నాకు అర్థం కాలేదు. బల్ల చివర మేడం పోలికే ఉన్న ముసలాయన, తెల్ల మీసాలు, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. చెప్పకుండానే అన్నగారని తెలిసింది.

మేడం ఫోను ఆయన వైపు తిప్పింది. ఆయన అన్నది మేడం ఇంగిలీషులో చెబితే నర్సమ్మ నాకు చెప్పింది. లెక్క సరేలే, బాతులూ సరేలే, అయినా మంచి పరుపులు ఐదు ఉండగా చిరిగినవి ఆరు ఎందుకు, దొరసానికి సిగ్గుండక్కర్లేదా అని అడుగుతున్నాడు. మేడం ఆయనతో, ఆ పని చేసేవాళ్ళనే అడుగు అంది.

తెరలో అందరూ నా వైపు చూశారు. ఐదు వందల ఏళ్ళుగా పడి ఉన్న ఒక ఆడదాని పేరు, ఒక మాటకు అటో ఇటో అయ్యేలా ఉంది. నాకేమో భాష రాదు. అయినా ఉన్న గొంతుతో చెప్పాను.

"చిరిగింది గుడ్డయ్యా. లోపలది చిరగదు."

నర్సమ్మ ఇంగిలీషులో చెప్పింది, మేడం జర్మనీ మాటలో చెప్పింది. అన్ని మెట్లు దిగి ఆ మాట ఆయన దగ్గరికి చేరేసరికి కాస్త సేపు పట్టింది. ముందు ఒక చిన్నపిల్ల నా గొంతు విని కిసుక్కుమంది. ఆయన మేడంను ఏదో అడిగాడు. మేడం నవ్వింది. నర్సమ్మ కూడా నవ్వి చెప్పింది, "ఎవరాయన అని అడిగారండి. ఆయన కాదు, ఆవిడ అన్నారు మేడంగారు."

ఆయన మీసం దువ్వుకుని ఇంకో మాట అన్నాడు. దూది సంగతి ఈమెకు తెలిస్తే తెలియవచ్చు, ఈకల సంగతి ఎట్లా తెలుస్తుందని. ఆ మాట న్యాయమే. నాకు తెలియదనే చెప్పాను. "మీ ఇంట్లో పాతది ఉంటాది గదా. కోసి చూడండి" అన్నాను.

ఉందట. మిద్దె మీద, ఎవరూ పడుకోనిది. మేడం అడిగిన చెక్కపెట్టె పక్కనే ఉందట అది కూడా. పిల్లలు ఎగిరి గంతేసి మోసుకొచ్చారు. ఆ తర్వాత ఫోనులో నాకు కనిపించింది అంతంతమాత్రమే. వాకిట్లోకి పోయారు, ఎవరో కత్తెర పెట్టారు, తర్వాత అంతా తెల్లగా అయింది. అరుపులు, తుమ్ములు. మేడం ఎక్కడుందో తెలియలేదు గానీ నవ్వు వినిపించింది. "ఏం కనిపిస్తాంది పాపా?" అంటే నర్సమ్మ "మంచు కురుస్తోందండి పిన్నీ, వేసవిలో" అంది. అంతలో ఫోను పోయింది.

అన్నగారు ఒప్పుకున్నాడా అని మేడంకు ఫోను చేసి అడిగించాను. ఒప్పుకోలేదట. కాదనలేదట కూడా. సాయంత్రం దాకా కోటు మీద ఈకలు ఏరుకుంటూ కూర్చున్నాడట. అణిగిపోయిన ఆ ఒక్క పరుపులోని ఈకలు మూడు గోనెలు నిండి ఇంకా మిగిలాయట. వెళ్ళేటప్పుడు మాత్రం ఆ చెక్కపెట్టెను తనే మోసి మేడం కారులో పెట్టాడట. మేడం అదే పెద్ద సంగతిలా చెప్పింది. నాకు సరిపోలేదు. పెట్టె మేడంకు దక్కింది, బాగానే ఉంది. దొరసానికి ఏం దక్కింది?

మూడు వారాల తర్వాత మేడం తిరిగి వచ్చిన రోజు ఫోనులో ఒక బొమ్మ చూపించింది. వాళ్ళ ఊరి చర్చిలో దొరసాని రాయి దగ్గర, చూడవచ్చినవాళ్ళ కోసం ఒక అట్ట వేలాడదీసి ఉంటుందట. దాని మీద రాత ఎప్పుడూ ఆ అన్నగారిదే. ఇన్నేళ్ళూ కక్కుర్తి కథ ఉండేది అందులో. ఇప్పుడు కొత్త అట్ట వేలాడుతోంది. రాత ఆయనదే, మేడం గుర్తుపట్టింది. ఎవరికీ చెప్పకుండా తీసుకుపోయి మార్చి వచ్చాడట.

మేడం దాన్ని ఇంగిలీషులో చెబితే నర్సమ్మ నాకు తెలుగులో చదివింది. పుట్టిన ఊరు, మొగుడి పేరు, పిల్లల పేర్లు అయినాయి. చివర ఒక వరుస ఉంది.

"పదకొండు పరుపులు తెచ్చుకుని, ముగ్గురు కూతుళ్ళకూ పడక చూపించి పోయిన తల్లి, అని రాశారండి."

ఇంకోసారి చదవమన్నాను. చదివింది.